చెట్టు ఎంపిక, పొద ఎంపిక: స్థలం చూసి, మట్టి కొలిచి, కత్తెర లెక్కేసి

లాండ్‌స్కేప్ ప్లానులో చెట్టంటే ఒక ఆకుపచ్చ సున్నా. సాధారణంగా దాన్ని 3 మీటర్ల వెడల్పున గీస్తారు. అలా గీస్తే బొమ్మ ముచ్చటగా ఉంటుంది. బెంచీ, నడకదారి, దీపస్తంభం అన్నీ చక్కగా పడతాయి. ఆ సున్నా చోట నాటింది నిద్రగన్నేరైతే, ఎదిగాక దాని గొడుగు 20 మీటర్లు దాటుతుంది. దీపం ఆకుల్లో మునిగిపోతుంది, నడకదారి పేవర్ బ్లాకులు లేచిపోతాయి, ఆపైన ఏటా రంపం పట్టుకోవాల్సిందే. చెట్టు తన సైజుకు తాను ఎదిగింది, అంతే. పొరపాటు ప్లానులో జరిగింది.

కాబట్టి పూల రంగు గురించి ఆలోచించే ముందే తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. పూర్తిగా ఎదిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు? వేళ్లకు దొరికే మట్టి ఎంత? ఏడాదికి ఎన్నిసార్లు కత్తిరించడానికి మనిషీ ఓపికా ఉన్నాయి? ఈ మూడూ తేలాక మిగిలే మొక్కల జాబితా చిన్నదే. అందులోంచి పూలు, ఆకు, వాసన నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. తిరగేసి చేస్తే, అంటే నర్సరీలో పూత చూసి కొని తర్వాత చోటు వెతికితే, చెట్టు బతికినన్నాళ్లూ దానితో తగువే.

ముందు మట్టి కొలవండి

కొమ్మలు ఎంత పైకి పోతే వేళ్లు అంత లోతుకు దిగుతాయనే నమ్మకం చాలామందిలో ఉంది. వేళ్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. అందుకే వాటిలో ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల అంచు దాటి చాలా దూరం పాకుతాయి. అంటే 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు గుంత తవ్వి చుట్టూ కాంక్రీటు పోస్తే చెట్టుకు ఇచ్చింది 1 ఘనమీటరు మట్టి. దానితో పెద్ద చెట్టు ఎదగదు.

పనికొచ్చే మోటు లెక్క ఒకటుంది. చెట్టు గొడుగు నేల మీద పరచుకునే ప్రతి చదరపు మీటరుకు 0.3 నుంచి 0.6 ఘనమీటర్ల మట్టి కావాలి. 6 మీటర్ల గొడుగున్న చెట్టు దాదాపు 28 చదరపు మీటర్లు కప్పుతుంది, దానికి 8.5 నుంచి 17 ఘనమీటర్లు కావాలి. 10 మీటర్ల గొడుగు 78 చదరపు మీటర్లు కప్పుతుంది. తక్కువలో తక్కువ 23 ఘనమీటర్లు చూపించాలి. 90 సెంటీమీటర్ల లోతు మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, అది దాదాపు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న మెత్తటి నేల. అంత నేల లేని చోట పెద్ద చెట్టు నాటితే రెండే జరుగుతాయి. అయితే పదేళ్లకే ఎదుగుదల ఆగి, ఎండాకాలం రాగానే కొమ్మల చివర్లు ఎండుతాయి. లేదంటే బ్లాకుల కింద ఉన్న ఇసుక పొరలోకి వేళ్లు దూరి దారిని పైకి లేపుతాయి.

చోటు ఇరుకైనప్పుడు విడివిడి గుంతల కంటే పొడవాటి పట్టీ మేలు. 1.5 మీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతున్న పట్టీ ప్రతి మీటరుకు 1.35 ఘనమీటర్ల మట్టి ఇస్తుంది. 6 మీటర్ల దూరానికొక చిన్న చెట్టు నాటితే ఒక్కోదాని వాటాకు 8 ఘనమీటర్లకు పైగా వస్తుంది, పక్కదాని వాటా కూడా కాస్త వాడుకోవచ్చు.

మట్టి పరిమాణంతో పాటు మట్టి తీరూ చూడాలి. నిర్మాణం జరిగిన చోట లారీలు తిరిగి నేల గట్టిపడి ఉంటుంది. పైన 15 సెంటీమీటర్ల ఎర్రమట్టి పరిచి దాన్ని తోట అంటారు. ఒక పరీక్ష చాలు: 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోసి వదిలేయండి. మర్నాడు అదే వేళకు ఇంకా నీళ్లు కనిపిస్తే అక్కడ వేప పనికిరాదు. వేప వేళ్లు నీటి నిలువను ఓర్చుకోలేవు. కానుగ, తెల్లమద్ది తట్టుకుంటాయి. సిమెంటు, సున్నం ముక్కలు కలిసిన మట్టిలో క్షారం పెరుగుతుంది. నర్సరీల్లో ఇక్సోరా పేరుతో అమ్మే పూలపొదకు ఆమ్ల గుణమున్న నేల కావాలి. గోడ పక్క వరుసగా నాటిన ఇక్సోరాలో లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయంటే ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం వల్ల వేరుకు అందదు. ఎరువు ఎంత వేసినా తాత్కాలికమే. ఆ చోట గన్నేరో కాగితపు పూల మొక్కో నాటడం నయం.

ఎదిగాక ఎంత: అందుబాటులో ఉండే చెట్లు

కింది కొలతలు వేడి ప్రాంతాల్లో, వేళ్లకు చాలినంత నేల ఉన్నప్పుడు సాధారణంగా చేరేవి.

| చెట్టు | ఎత్తు (మీటర్లు) | గొడుగు వెడల్పు (మీటర్లు) |
|---|---|---|
| నిద్రగన్నేరు (రెయిన్ ట్రీ) | 15–25 | 20–30 |
| పెల్టోఫోరం (పచ్చ తురాయి) | 15–20 | 10–15 |
| వేప | 12–18 | 10–15 |
| ఎర్ర తురాయి (గుల్మొహర్) | 9–12 | 10–15 |
| కానుగ | 10–15 | 8–12 |
| పొగడ | 10–15 | 8–10 |
| రేల | 8–12 | 6–8 |
| దేవకాంచనం | 6–9 | 5–7 |
| దేవగన్నేరు | 4–6 | 4–5 |
| చైనా గోరింట | 3–5 | 2–4 |
| నిలువు అశోక (నరమామిడి) | 10–15 | 1.5–2.5 |

గోడకు ఎంత దూరంలో నాటాలో ఈ పట్టికే చెబుతుంది: గొడుగు వెడల్పులో సగం, దానిపైన ఇంకో మీటరు. అంటే కానుగకు 5 నుంచి 7 మీటర్లు. నిద్రగన్నేరుకు 11 మీటర్లకు తక్కువ కాదు. అంత దూరం లేకపోతే ఆ చెట్టు అక్కడికి కాదు.

పార్కింగ్ నీడకు: తురాయా, కానుగా, వేపా?

ఎక్కువమంది అడిగేది ఎర్ర తురాయి. త్వరగా పెరుగుతుంది, గొడుగులా విచ్చుకుంటుంది, పూత సమయంలో కళ్లు తిప్పుకోలేం. కానీ ఎండ ముదిరే రోజుల్లోనే ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. నీడ ఎక్కువ అవసరమైన వారాల్లో నీడ ఉండదు. కొయ్య పెళుసు, ఈదురుగాలికి పెద్ద కొమ్మలు విరుగుతాయి. వేళ్లు పైపైనే పాకి మొదలు దగ్గర పలకల్లా ఉబ్బుతాయి. 60 సెంటీమీటర్ల దాకా సాగే గట్టి కాయలు కింద పడతాయి. కార్ల పైన ఇన్నీ ఎందుకు? తురాయిని పచ్చిక మైదానం మధ్యలో, కింద ఏ నిర్మాణమూ లేని చోట, దూరం నుంచి చూసేలా నాటండి. అక్కడ దానికి సాటి లేదు.

కానుగ ఆకు రాల్చినా మోడుగా ఉండేది కొద్ది రోజులే. వెంటనే నిగనిగలాడే చిగురు తొడుగుతుంది. నీడ చిక్కన. కొయ్య గట్టి, వేళ్లు నేలలో నత్రజనిని నిలుపుతాయి, ఉప్పు నేలనూ నీటి నిలువనూ ఓర్చుకుంటుంది. దీనికి వచ్చే ఫిర్యాదు ఆకుల మీది మచ్చలు, బుడిపెలు. పురుగులు చేసే ఆ పని చూడ్డానికి వికారంగా ఉంటుంది కానీ చెట్టుకు హాని చెయ్యదు. మందు కొట్టాల్సిన పని లేదు. పూలు, కాయలు రాలి నేల చెత్తవుతుందన్నది నిజం. పార్కింగ్‌కు ఒకే ఒక్కటి చెప్పమంటే కానుగే.

వేప నీడ పలచన, గాలి ఆడుతుంది, నీరు తక్కువ చాలు. బరువైన, నీరు నిలిచే నేల తప్ప ఎక్కడైనా వస్తుంది. అయితే ఈమధ్య కాలంలో ఫోమాప్సిస్ బూజు వల్ల కొమ్మల చివర్లు ఎండే తెగులు చాలా చోట్ల కనిపిస్తోంది. ఎండిన కొమ్మలు చూసి చెట్టు చచ్చిందని నరికేస్తున్నారు. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి, తొందరపడకండి. కానీ 100 చెట్ల వరుస మొత్తం వేపే పెట్టొద్దు.

నిద్రగన్నేరు విశాలమైన ఆవరణలకే. నాలుగు వైపులా 12 మీటర్ల ఖాళీ, వేళ్లకు మైదానమంత నేల చూపించగలిగితే దాన్ని మించిన నీడ మరొకటి ఇవ్వదు. లేకపోతే దాని పేరు ఎత్తకండి.

దారి వెంట వరుసకు

పొగడ మెల్లగా ఎదుగుతుంది, అదే దాని బలం. దట్టమైన ఆకు, గట్టి కొయ్య, ఏడాది పొడవునా పచ్చదనం, సువాసన. నాటిన మొదటి 5 ఏళ్లు ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. తర్వాత చేయాల్సిన పని దాదాపు ఉండదు. దీనికి పోటీగా ఏడాకుల పాల చూపిస్తారు. అది వేగంగా, నిటారుగా, అంతస్తులుగా పెరిగి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. పూసినప్పుడు రాత్రి దాని వాసన చాలా ఘాటు, పడకగది కిటికీల పక్క వరుసగా 20 చెట్లుంటే కొందరికి తలనొప్పే. విడిగా 1, 2 చెట్లు చాలు.

కాడమల్లె సన్నగా 20 మీటర్ల ఎత్తు పోతుంది, పూత అందంగా ఉంటుంది. కొయ్య పెళుసు, పైగా వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. పచ్చిక ఉన్న చోట ఆ పిలకలు కోయడమే పనవుతుంది. గాలి ఎక్కువుండే చోట అసలు వద్దు.

నిలువు అశోక గురించి: ఇరుకు పట్టీలో, గోడ పక్క, ఎత్తైన తెరలా కావాలంటే దానికి మించినది తక్కువ. కానీ నీడ ఇవ్వదు. నీడ కోసం దారి పొడవునా అశోక నాటి, తర్వాత ఎండలో నడిచే ఆవరణలు ఎన్నో. పైకొస తుంచితే దాని ఆకారమే పోతుంది. 12 మీటర్ల ఎత్తు వద్దనుకుంటే మొదటే వేరేది చూడాలి.

కరెంటు తీగల కింద లెక్క తేలిక: ఎదిగాక 5, 6 మీటర్లు మించనివే. దేవగన్నేరు, చైనా గోరింట సరిపోతాయి. దేవకాంచనం హద్దు మీద ఉంటుంది, కాస్త పక్కకు జరిపి నాటాలి. తీగల కింద తురాయి నాటి ఏటా మధ్యలో గుంట చేసినట్టు నరకడం చూస్తూనే ఉంటాం. అలా నరికిన చెట్టు కొమ్మలన్నీ రెండు పక్కలకే బరువేసి ఏదో ఒక గాలికి చీలిపోతుంది.

నాటకూడనివి కొన్ని. స్పాథోడియా పూత ఎంత ఎర్రగా మెరిసినా కొమ్మలు పెళుసు, గింజలు గాలికి ఎగిరి ఎక్కడెక్కడో మొలుస్తాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రచురించిన 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో సుబాబుల్, లాంటానాలతో పాటు ఇదీ ఉంది. కోనోకార్పస్ వేగంగా పచ్చని గోడ కడుతుంది కాబట్టి కాంట్రాక్టర్లకు ఇష్టం. దాని వేళ్లు నీటి జాడ పట్టి పైపుల వైపు పోతాయి. ఫైకస్ బెంజమినా కుండీలో బొమ్మలా ఉంటుంది, నేలలో పెడితే మర్రి జాతి బుద్ధి చూపిస్తుంది. వేళ్లు పైపుల్లోకి దూరడం గురించి ఒక మాట: బిగువుగా ఉన్న పైపును వేరు సాధారణంగా బద్దలు కొట్టదు. అతుకు దగ్గర కారుతున్న తేమను పట్టుకుని లోపలికి పోతుంది. పాత మట్టి పైపులున్న చోట చెట్టు మార్చడం కంటే ముందు పైపు మార్చడం అవసరం.

పామ్ ఎప్పుడు?

1 మీటరు పట్టీ, వెంటనే నిండుగా కనిపించాలన్న పట్టుదల ఉంటే పామ్ (తాటి, ఈత కుటుంబపు చెట్టు) మంచిదే. పెద్ద సైజులో మార్చి నాటినా పట్టుకుంటుంది, వేరు కాండంలా లావెక్కదు. నీడ మాత్రం ఆశించవద్దు. రాయల్ పామ్ మట్టలు పెద్దవి, బరువైనవి, ఎండగానే వాటంతటవే రాలతాయి. నడిచే దారి మీదా కార్ల మీదా పెట్టకూడదు. పచ్చిగా ఉన్న మట్టలు కోసి పైన చీపురులా వదలడం పామ్‌కు చేసే పెద్ద అన్యాయం. ఆహారం తయారయ్యేది వాటిలోనే. కొసన ఉండే మొగ్గ ఒక్కటే దాని ప్రాణం, అది పోతే చెట్టు పోయినట్టే.

పొదలు: కత్తిరించే హెడ్జా, వదిలేసే పొదా?

పొదల ఖర్చంతా కత్తెరలో ఉంది. ఒకే రకం మొక్కను పెట్టె ఆకారంలో ఉంచాలంటే వేడి, తేమ ఉన్న నెలల్లో 3, 4 వారాలకొకసారి కత్తిరించాలి. దురంతా లాంటిదైతే ఇంకా తరచుగా. 200 మీటర్ల హెడ్జ్ పెట్టే ముందు ఆ పని ఎవరు చేస్తారో తేల్చుకోండి. ఎవరూ లేకపోతే, ఉండాల్సిన ఎత్తుకే ఆగే పొదను ఎంచుకుని ఏడాదికి ఒకటి రెండుసార్లు సవరిస్తే చాలు. 1 మీటరు ఎత్తు కావాల్సిన చోట 3 మీటర్లు ఎదిగే మొక్కను నాటి ఏళ్ల తరబడి దాని తల నరకడం లాండ్‌స్కేప్‌లలో అతి మామూలు వృథా.

పూల పొదను పెట్టెలా కత్తిరిస్తే పూలు పోతాయి. మందారం, కాగితపు పూలు, టెకోమా, చైనా గోరింట కొత్త చిగురు చివర పూస్తాయి. నెలనెలా చిగురు తుంచితే పూసేదెప్పుడు? వీటిని ఎదుగుదల మొదలయ్యే ముందు ఒకసారి గట్టిగా, అంటే ఎత్తులో మూడో వంతు దాకా తీసేసి, ఆ తర్వాత వదిలేయాలి. ఇక్సోరా కూడా కొమ్మ చివరే పూస్తుంది. దాన్ని హెడ్జ్‌గా పెంచి పూయడం లేదనడం న్యాయం కాదు.

హెడ్జ్ కట్టాలనే ఉంటే కింద వెడల్పు, పైన సన్నం ఉండాలి. చాలామంది తోటమాలులు పై భాగాన్ని వదిలి కింది పక్కల్ని లోపలికి కోస్తారు, పైన గుబురు పెరిగి కింది ఆకుకు వెలుతురు అందదు, ఏడాదిలో మోకాలి దాకా పుల్లలు మిగులుతాయి. ఒకసారి బోసిపోయిన కింది భాగం మళ్లీ నిండటం కష్టం. చిన్న హెడ్జ్‌కు మొక్కల మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు, 2 మీటర్ల తెరకు 60 నుంచి 90 వదలండి. తొందరగా నిండాలని 15 సెంటీమీటర్లకొకటి పెడితే రెండో ఏడాది నుంచి అవే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మధ్య మధ్య ఎండినవి తీయలేక అవస్థ.

ఏ పొద ఎక్కడ అంటే:

ఎండ మండే, నీరు అంతగా అందని చోట కాగితపు పూలు. రోజుకు కనీసం 6 గంటల ఎండ ఉండాలి. నీళ్లు, నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. ముళ్లుంటాయి కాబట్టి నడకదారికి 1 మీటరు దూరం. అదే ముల్లు కాంపౌండ్ గోడ మీద మంచి కాపలా.

గన్నేరు ఎండకు, ఉప్పు గాలికి, నిర్లక్ష్యానికి తట్టుకుంటుంది. రోడ్డు మధ్య డివైడర్లలో అది ఉండటానికి కారణం అదే. అయితే ఆకు, పువ్వు, కాడ, అన్నీ విషమే, గుండె మీద పని చేస్తుంది. పచ్చగన్నేరు గింజ ఇంకా ప్రమాదం. పిల్లలు ఆడే చోట, పశువులు మేసే అంచున రెండూ వద్దు. కోసిన కొమ్మలను కాల్చకూడదు, ఆ పొగ కూడా మంచిది కాదు. దురంతా పసుపు కాయలు కూడా తినకూడనివే.

నందివర్ధనం కాస్త నీడనూ ఓర్చుకుంటుంది, ఏడాదంతా ఏవో కొన్ని పూలు ఉంటాయి, మెల్లగా కత్తిరించుకోవచ్చు. భవనం నీడ పడే వైపు నమ్మదగిన పొద.

మధుకామిని పేరుతో దొరికే ముర్రయా తెల్లని పూతతో, నిగారింపుతో చక్కని హెడ్జ్ అవుతుంది. కానీ నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగుకు అది ఇష్టమైన ఆశ్రయం. దగ్గర్లో నిమ్మ జాతి చెట్లుంటే దాన్ని పక్కన పెట్టండి.

మందారం పూల కోసం ఎవరూ వద్దనలేరు. పిండినల్లి పడుతుందని ముందే తెలుసుకుని, వరుసంతా అదే పెట్టకుండా గుంపుగా 3, 5 మొక్కలు పెట్టుకుంటే పట్టిన కొమ్మను కోసి పారేయడం వీలవుతుంది.

మలుపుల దగ్గర, గేటు పక్క పొద 60 నుంచి 75 సెంటీమీటర్లు మించకూడదు. బండి నడిపేవారి చూపు దాని మీదుగా పోవాలి.

కలిపి నాటడంలో లెక్క

అమెరికా వృక్ష జన్యుశాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమూర్ 1990లో ఒక సూత్రం ఇచ్చారు: నాటే మొత్తం చెట్లలో ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబం 30 శాతం మించకూడదు. 2002లో మిషిగన్ రాష్ట్రంలో కనుగొన్న ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు అక్కడి యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపాక ఆ మాట విలువ అందరికీ తెలిసొచ్చింది. మన లాండ్‌స్కేప్‌లలో జారిపోయేది కుటుంబం దగ్గర. తురాయి, పెల్టోఫోరం, కానుగ, రేల, దేవకాంచనం, నిద్రగన్నేరు, ఆరు వేర్వేరు చెట్లు పెట్టామనుకుంటాం, అన్నీ చిక్కుడు కుటుంబమే. వాటి మధ్య పొగడ, వేప, తెల్లమద్ది, లాజర్‌స్ట్రోమియా (చైనా గోరింట ప్రజాతి) చొప్పించండి. చిన్న ఆవరణలో 10 శాతం కుదరదు. కనీసం ఒకే వరుస ఒకే జాతిగా ఉంచి, పక్క వరుస మార్చినా కొంత రక్షణే.

నర్సరీలో: పెద్ద మొక్కా, చిన్న మొక్కా?

ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడితే అందరూ 4 మీటర్ల మొక్కే అడుగుతారు. తవ్వి తీసినప్పుడు దాని వేళ్లలో చాలా భాగం నర్సరీ నేలలోనే మిగిలిపోతుంది. వాటిని తిరిగి పెంచుకునే లోపు పైన ఎదుగుదల ఉండదు. 1.5 నుంచి 2 మీటర్ల మొక్క త్వరగా పట్టుకుని, కొన్నేళ్లలో ఆ పెద్దదాన్ని చేరుకుంటుంది. ఖర్చూ తక్కువ. ముఖద్వారం దగ్గర 4, 5 పెద్దవి, మిగతావన్నీ చిన్నవి, ఇది తెలివైన ఒప్పందం.

ఎత్తు కంటే చూడాల్సినవి వేరే. కవరు విప్పి చూడనివ్వమనండి. వేళ్లు కవరు ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని లావెక్కి ఉంటే ఆ మొక్క వద్దు. అవి నేలలోనూ అలాగే తిరిగి కొన్నేళ్లకు మొదలును బిగించేస్తాయి. సన్నగా చుట్టుకున్నవైతే నాటేటప్పుడు మట్టిముద్ద చుట్టూ 2, 3 సెంటీమీటర్లు చెక్కేయొచ్చు. కర్ర విప్పితే మొక్క తనంతట నిలబడాలి. నడిమి కాండం ఒకటే ఉండాలి. రెండు సమాన కొమ్మలు ఇరుకు కోణంలో చీలి, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుని ఉంటే అది పెద్దయ్యాక చీలే చోటు.

నాటేటప్పుడు ఎక్కువ మొక్కలు చచ్చేది లోతు వల్లే. కాండం కింద వెడల్పయి వేళ్లుగా విడిపోయే చోటు నేల మట్టానికి కనిపించాలి. గుంత మట్టిముద్దకు 2, 3 రెట్లు వెడల్పు, లోతు మాత్రం దానంతే. ఎక్కువ తవ్వి వదులు మట్టి నింపితే మొక్క కుంగుతుంది. కవరు, తాడు, గోనె అన్నీ తీసేయాలి. పైన 5 నుంచి 10 సెంటీమీటర్ల ఆకుచెత్త లేదా కొబ్బరి పీచు పరిచి, కాండానికి ఒక జానెడు దూరం వదలాలి. కుప్పగా కాండానికి ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది. నీళ్లు మొదట్లో వేరుముద్ద మీదే పడాలి, చుట్టూ నేల తడిసి ముద్ద ఎండిపోవడం మామూలు. కాండం లావు ప్రతి 2.5 సెంటీమీటర్లకు ఒక విడతకు 8 నుంచి 11 లీటర్లు, మొదటి కొన్ని వారాలు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు. ఊతకర్ర కట్టు కాండం ఎత్తులో మూడో వంతు దగ్గర, వదులుగా ఉండాలి, ఏడాదిలోపు తీసేయాలి. ఇనుప ట్రీగార్డును మరచిపోతే చెట్టు దాన్ని మింగేసే దాకా ఎవరూ చూడరు.

ఉన్న చెట్టును ఉంచాలా, తీయాలా?

ఎత్తు తగ్గించడానికి తల నరకడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. కోసిన మోడు కింద నుంచి గుబురుగా చిగుళ్లు వస్తాయి. అవి బెరడు దగ్గరే అతికి ఉంటాయి, లోపలి కొయ్యతో పట్టుండదు. మోడు కుళ్లుతుంటే వాటి మీద బరువు పెరుగుతుంది. 3, 4 ఏళ్లకు చెట్టు పాత ఎత్తుకు వస్తుంది, ఇప్పుడు ముందుకంటే ప్రమాదంగా. ఎత్తు నిజంగా తగ్గాలంటే పొడవైన కొమ్మను, దాని లావులో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దాకా వెనక్కి కోయాలి. ఒక ఏడాదిలో పచ్చని ఆకులో నాలుగో వంతుకు మించి తీయొద్దు.

కొమ్మ కోసేటప్పుడు మూడు కోతలు. కాండానికి 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి సగం దాకా, ఇంకాస్త బయట పై నుంచి పూర్తిగా, బరువు పోయాక మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే పట్టీకి కాస్త బయట. ఆ పట్టీ లోపలే చెట్టు కుళ్లును ఆపుకునే గోడ కడుతుంది. కాండానికి చదునుగా కోస్తే ఆ గోడా పోతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి చూపించిందిదే: చెట్టు గాయం మాన్పుకోదు, చుట్టూ గోడ కట్టి వేరు చేస్తుంది. కోత మీద రంగు, తారు పూసినా అది కుళ్లును ఆపదు.

ఉంచడమా తీయడమా తేల్చడానికి చూడాల్సినవి: మొదలు చుట్టూ నేలలో కొత్త పగుళ్లు, ఒక వైపు నేల ఎత్తవడం, మొదట్లో పుట్టగొడుగులు, ఇరుకు చీలికలో పగులు. ఇవి ఉండి, చెట్టు పడే దూరంలో మనుషులు తిరిగే చోటుంటే తెలిసినవారితో చూపించి తీయించడమే. కొంచెం వంగినా ఏళ్ల నుంచి అలాగే ఉన్న చెట్టు, లోపల బోలైనా చుట్టూ గట్టి కొయ్య మందంగా మిగిలిన చెట్టు, ఇవి చాలావరకు ఉంచదగ్గవే. కింద ఉన్న బెంచీ మార్చి చుట్టూ పొదలు నాటితే మనుషులు ఆ కిందికి పోరు, ప్రమాదం అంతమేర తగ్గుతుంది. నిర్మాణ పని ఉంటే కాండం నుంచి కొమ్మల అంచు దాకా కంచె కట్టి ఇసుక, ఇటుక, లారీ ఏవీ రానివ్వకండి. వేరు తెగిన చెట్టు వెంటనే చావదు. 3, 4 ఏళ్లకు చస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

తీసిన చోట కొత్తది నాటాలంటే పాత మొద్దును పూర్తిగా పెకలించాలి. లేదంటే 2 మీటర్లు పక్కకు జరగాలి. పాత మొద్దు పొట్టు కలిసిన మట్టిలో నత్రజని కొన్నాళ్లు ఆ పొట్టును కుళ్లబెట్టడానికే పోతుంది. కొత్త మొక్క పాలిపోయి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.